విండోస్‌లో పీహెచ్‌పీని సరిగ్గా నడిపించడం ఎలా: కర్నూలు ఉల్లి పద్దు ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు ప్రాజెక్టుల సీజన్ మొదలైతే డిగ్రీ, బీటెక్ పిల్లల నుంచి ముఖ్యంగా రెండు ప్రశ్నలు వస్తాయి. "అన్నా, ల్యాప్‌టాప్‌లో పీహెచ్‌పీ నడవట్లేదు" అన్నది మొదటిది. "నా దగ్గర బాగానే నడిచింది, కాలేజీ సర్వర్‌లో పెడితే తెల్ల పేజీ వస్తోంది" అన్నది రెండోది. మొదటిదానికి మందు సులువు. రివ్యూ ముందు రోజు రాత్రి టెన్షన్ పెట్టేది రెండోదే.

పీహెచ్‌పీ అంటే సర్వర్‌లో నడిచి వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష. అది విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. మనం రాసిన కోడ్ కూడా అన్నిచోట్లా నడవాలంటే మాత్రం మొదటి లైన్ నుంచే కొన్ని అలవాట్లు పాటించాలి. చివర్లో సర్దుకుందాం అనుకుంటే పని రెట్టింపవుతుంది. అందుకే ఇన్‌స్టాలేషన్‌తో ఆపకుండా, మార్కెట్ యార్డులో ఉల్లి అమ్మకాల పద్దు రాసే చిన్న ప్రాజెక్టును అడుగడుగునా పక్కన పెట్టుకుని చెప్తాను.

ఒక మాట ముందే. కమాండ్లను, ఫంక్షన్ల పేర్లను చదివే తీరులో తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను. గీతలు, చుక్కలు, అంకెలు ఇక్కడ ఉన్నట్టే.

## 1. మొదలుపెట్టే ముందు

కింద ఉన్నవి సిద్ధం చేసుకున్నాకే డౌన్‌లోడ్ జోలికి వెళ్లండి.

- 64 బిట్ విండోస్ 10 లేదా 11. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ చూస్తే తెలుస్తుంది.
- వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్. నోట్‌ప్యాడ్‌తో పని జరుగుతుంది కానీ తప్పు ఏ లైన్‌లో ఉందో వెతకడం కష్టం.
- ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" టిక్ పెట్టండి. విండోస్ 11లో ఇది వ్యూ కింద షో అనే చోట ఉంటుంది.
- ప్రాజెక్టు చివరికి ఏ సర్వర్‌లో నడవాలో, అక్కడ పీహెచ్‌పీ ఏ వెర్షన్ ఉందో ల్యాబ్‌లో కనుక్కోండి.

మూడోదాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. ఎక్స్‌టెన్షన్లు కనిపించకపోతే మీరు ఇండెక్స్.పీహెచ్‌పీ అని సేవ్ చేసిన ఫైలు నిజానికి ఇండెక్స్.పీహెచ్‌పీ.టీఎక్స్‌టీ అయి కూర్చుంటుంది. బ్రౌజర్ ఆ పేజీ లేదంటుంది. మీకేమో ఫైలు కళ్లముందే ఉంటుంది.

నాలుగోది కూడా అంతే ముఖ్యం. సర్వర్‌లో 8.2 ఉంటే మీరూ 8.2 పెట్టుకోండి. ఇక్కడ 8.4 పెట్టుకుని, ఆ వెర్షన్‌లోనే కొత్తగా వచ్చిన అర్రే_ఫైండ్, ఎంబీ_ట్రిమ్ లాంటి ఫంక్షన్లు వాడితే అక్కడ మొదటి క్లిక్కుకే ఆగిపోతుంది.

## 2. సరైన జిప్ ఫైలు ఎంచుకోవడం

పీహెచ్‌పీ.నెట్ డౌన్‌లోడ్స్‌లో విండోస్ భాగానికి వెళ్తే ఒక్కో వెర్షన్‌కు నాలుగు రకాల జిప్‌లు కనిపిస్తాయి. ఏది తీసుకోవాలో తెలియక చాలామంది మొదటిదాన్నే నొక్కేస్తారు.

చూడాల్సినవి రెండే. ఎక్స్64 అని ఉన్నది 64 బిట్ విండోస్‌కు, ఎక్స్86 అని ఉన్నది 32 బిట్‌కు. ఇక థ్రెడ్ సేఫ్, నాన్ థ్రెడ్ సేఫ్ తేడా. అపాచీ అనే వెబ్ సర్వర్‌లో మాడ్యూల్‌గా కలపాలంటే థ్రెడ్ సేఫ్ కావాలి. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌తో ఫాస్ట్‌సీజీఐగా నడపడానికి, కమాండ్ లైన్‌లో వాడుకోవడానికి నాన్ థ్రెడ్ సేఫ్ సరిపోతుంది. మనం అపాచీ లేకుండా పీహెచ్‌పీలోనే ఉన్న సర్వర్‌ను వాడబోతున్నాం కాబట్టి నాన్ థ్రెడ్ సేఫ్ ఎక్స్64 జిప్ తీసుకోండి.

దీంతోపాటు మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్, 64 బిట్‌ది, కొత్తది ఇన్‌స్టాల్ చేయాలి. ఇది లేకపోయినా, పాతది ఉన్నా పీహెచ్‌పీ మొదలవకుండానే వీసీరన్‌టైమ్140 అన్న పేరుతో ఎర్రర్ వస్తుంది. ఆ పేరు కనబడిందంటే మీ కోడ్‌లో తప్పేమీ లేదు, కొత్త రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకుంటే పోతుంది.

హాస్టల్‌లో అందరూ మొబైల్ డేటా మీదే ఉంటే ఒకరు రెండు ఫైళ్లూ దించి పెన్‌డ్రైవ్‌లో పంచుకోండి. పీహెచ్‌పీ జిప్ చిన్నదే.

## 3. ఎక్కడ విప్పాలి, పాత్‌లో ఎలా కలపాలి

సీ డ్రైవ్‌లో పీహెచ్‌పీ అనే ఫోల్డర్ చేసి జిప్‌ను అందులో విప్పండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వద్దు, అక్కడ ఫైలు మార్చిన ప్రతిసారీ విండోస్ అనుమతి అడుగుతుంది. డెస్క్‌టాప్ అసలే వద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌కు కలిసి ఉంటుంది, ఫైళ్లు సింక్ అవుతూ మధ్యలో లాక్ పడతాయి.

విప్పాక పీహెచ్‌పీ.ఈఎక్స్‌ఈ నేరుగా సీ:\పీహెచ్‌పీ కింద కనిపించాలి. ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ పడి ఉంటే లోపలివి బయటికి తీయండి.

తర్వాత పాత్, అంటే కమాండ్లను విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా:

1. స్టార్ట్ మెనూలో "ఎన్విరాన్‌మెంట్" అని కొట్టి, ఎడిట్ ది సిస్టమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ తెరవండి.
2. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ బటన్ నొక్కి, పాత్ ఎంచుకుని ఎడిట్ నొక్కండి.
3. న్యూ నొక్కి సీ:\పీహెచ్‌పీ అని చేర్చి, తెరిచిన కిటికీలన్నిటికీ ఓకే నొక్కండి.
4. అప్పటికే తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్, వీఎస్ కోడ్ మూసేసి మళ్లీ తెరవండి. పాతవి కొత్త పాత్‌ను చూడవు.

ఇప్పుడు ఇలా కొట్టండి:

పీహెచ్‌పీ -వి

వెర్షన్ నంబరు వస్తే సగం పని అయింది. మీరు వేసినది కాక వేరే నంబరు వస్తే మునుపెప్పుడో వేసిన ఇంకో పీహెచ్‌పీ ముందు దొరుకుతోందన్నమాట. అది ఎక్కడుందో కమాండ్ ప్రాంప్ట్‌లో "వేర్ పీహెచ్‌పీ" చెప్తుంది. వీఎస్ కోడ్ టెర్మినల్ మామూలుగా పవర్‌షెల్. అందులో వేర్ అనే మాటకు వేరే అర్థం ఉంది, ఏమీ చూపించదు. అక్కడ "వేర్.ఈఎక్స్‌ఈ పీహెచ్‌పీ" అని పూర్తిగా కొట్టాలి.

## 4. పీహెచ్‌పీ.ఐఎన్ఐ సిద్ధం చేయడం

పీహెచ్‌పీ సెట్టింగులుండే ఫైలు పీహెచ్‌పీ.ఐఎన్ఐ. జిప్‌లో పీహెచ్‌పీ.ఐఎన్ఐ-డెవలప్‌మెంట్, పీహెచ్‌పీ.ఐఎన్ఐ-ప్రొడక్షన్ అని రెండు నమూనా ఫైళ్లుంటాయి. నేర్చుకునే మిషన్‌లో మొదటిదాన్ని కాపీ చేసి పీహెచ్‌పీ.ఐఎన్ఐ అని పేరు పెట్టండి. ఎర్రర్లు తెరమీద చూపించేలా అది ముందే సర్ది ఉంటుంది. రెండోది ఎర్రర్లను దాస్తుంది. చాలా సర్వర్లలో ఇలాగే దాచి పెడతారు, "తెల్ల పేజీ"కి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఆ ఫైల్లో సెమీకోలన్‌తో మొదలైన లైన్లు పనిచేయవు. కావాల్సిన చోట సెమీకోలన్ తీసేయాలి.

- ఎక్స్‌టెన్షన్_డిఐఆర్: సెమీకోలన్ తీసి, విలువగా సీ:\పీహెచ్‌పీ\ఈఎక్స్‌టీ అని పూర్తి దారి ఇవ్వండి. ఉత్త ఈఎక్స్‌టీ అని ఉంచితే కమాండ్ లైన్‌లో నడిచినా, రేపు అపాచీతో కలిపితే దొరక్కపోవచ్చు.
- ఎక్స్‌టెన్షన్ అంటే ఇక్కడ పీహెచ్‌పీకి అదనపు ఫంక్షన్లు చేర్చే ముక్క, ఫైలు పేరు చివరి భాగం కాదు. ఆ లైన్లలో ఎంబీస్ట్రింగ్, ఐఎన్‌టీఎల్, ఒకే ఫైల్లో ఉండే ఎస్క్యూలైట్ డేటాబేస్ కోసం పీడీవో_ఎస్క్యూలైట్ తెరవండి, అంటే ముందున్న సెమీకోలన్ తీయండి. మైఎస్క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లు పీడీవో_మైఎస్క్యూఎల్, లైబ్రరీలు దించే కంపోజర్ వాడేవాళ్లు ఓపెన్‌ఎస్ఎస్ఎల్, జిప్ కూడా.
- డేట్.టైమ్‌జోన్: ఏషియా/కోల్‌కతా అని రాయండి. ఏ, కే పెద్ద అక్షరాలు.

టైమ్‌జోన్‌ను వదిలేస్తే పీహెచ్‌పీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) చూపిస్తుంది, మన టైముకు ఐదున్నర గంటలు వెనక. యార్డులో తెల్లవారుజామున 5 గంటలకు దిగిన సరుకు పద్దులో ముందు రోజు తేదీతో పడుతుంది. రోజువారీ మొత్తం తేలదు, తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా కోడ్‌లో కనిపించదు.

సేవ్ చేశాక రెండు కమాండ్లు:

పీహెచ్‌పీ --ఐఎన్ఐ
పీహెచ్‌పీ -ఎం

మొదటిది ఏ ఐఎన్ఐ ఫైలు చదువుతోందో చూపిస్తుంది. రెండోది తెరిచిన ఎక్స్‌టెన్షన్ల జాబితా. మీరు మార్చిన ఫైలు ఒకటి, పీహెచ్‌పీ చదివేది ఇంకొకటి అయితే ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. ఏ మార్పు చేసినా ఈ రెండూ చూడటం అలవాటు చేసుకోండి.

## 5. మొదటి పేజీ

సీ డ్రైవ్‌లో ప్రాజెక్ట్స్ అని, అందులో పద్దు అని ఫోల్డర్లు చేయండి. పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా. పద్దు లోపల రెండు ఫోల్డర్లు: పబ్లిక్, డేటా. బ్రౌజర్‌కు కనిపించాల్సినవే పబ్లిక్‌లో పెట్టాలి. డేటాబేస్ ఫైలు డేటాలో ఉంటుంది. దాన్నీ పబ్లిక్‌లోనే పెడితే అడ్రసు తెలిసిన ఎవరైనా పద్దు మొత్తం దించుకుపోతారు.

పబ్లిక్‌లో ఇండెక్స్.పీహెచ్‌పీ చేసి, పీహెచ్‌పీ తెరిచే గుర్తు పూర్తిగా, అంటే ప్రశ్నార్థకం తర్వాత పీహెచ్‌పీ అనే మూడు అక్షరాలతో సహా రాయండి. ఉత్త ప్రశ్నార్థకంతో వదిలేసే పొట్టి గుర్తు కొన్ని సర్వర్లలో పనిచేయదు, మీ కోడ్ అంతా పేజీలో అచ్చుపడుతుంది. లోపల ఎకో పెట్టి "కర్నూలు ఉల్లి పద్దు" అని రాయండి.

పద్దు ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి:

పీహెచ్‌పీ -ఎస్ 127.0.0.1:8000 -టి పబ్లిక్

ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం, టి చిన్నది. చిన్న ఎస్ కొడితే సర్వర్ మొదలవదు, అది కోడ్‌ను రంగుల్లో చూపించే వేరే కమాండ్.

బ్రౌజర్‌లో 127.0.0.1:8000 అని కొడితే పేజీ రావాలి. టెర్మినల్ మూయకూడదు, మూస్తే సర్వరూ ఆగిపోతుంది. కావాలని ఆపాలంటే కంట్రోల్ సీ.

ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి చూడొద్దు. అలా తెరిస్తే బ్రౌజర్ అడ్రసు ఫైల్ అని మొదలవుతుంది, పీహెచ్‌పీకి ఆ ఫైలు అందనే అందదు.

ఈ సర్వర్ నేర్చుకోవడానికి, డెమోకు మాత్రమే. నిజమైన వాడకానికి అపాచీ, ఎన్‌జింక్స్ లాంటివి ఉండాలి.

## 6. తెలుగు అక్షరాలు చెడకుండా

ఇక్కడ నిదానంగా చదవండి. మన ప్రాజెక్టుల్లో రైతు పేరు, ఊరు పేరు తెలుగులోనే ఉండాలి. ఇంగ్లీషులో రాసిన పేరును ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో కొడితే రేపు వెతికినా దొరకదు.

అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతి యూటీఎఫ్-8. అది మూడు చోట్ల ఉండాలి: ఫైలు, పేజీ, డేటాబేస్. ఏ ఒక్కటి తప్పినా ప్రశ్నార్థకాలో పిచ్చి అక్షరాలో వస్తాయి.

ఫైలు. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు యూటీఎఫ్-8 అని ఉండాలి. "విత్ బామ్" అని ఉంటే దాని మీద నొక్కి, బామ్ లేనిదిగా సేవ్ చేయండి. బామ్ అంటే ఫైలు మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్లు. పీహెచ్‌పీ వాటిని కూడా పేజీలోకి పంపేస్తుంది. ఆ తర్వాత సెషన్ మొదలుపెట్టబోయినా, ఇంకో పేజీకి పంపబోయినా "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని ఎర్రర్ రావచ్చు. పైకి కోడ్ శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు చాలాసేపు ఏడిపిస్తుంది.

పేజీ. హెడ్ భాగంలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 రాయండి.

డేటాబేస్. ఎస్క్యూలైట్‌లో విడిగా చేయాల్సింది లేదు, అది మామూలుగానే యూటీఎఫ్-8లో దాస్తుంది. మైఎస్క్యూఎల్ అయితే టేబుల్‌కూ, పీహెచ్‌పీ నుంచి పెట్టుకునే కనెక్షన్‌కూ రెండిటికీ యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వాలి. టేబుల్‌కు ఇచ్చి కనెక్షన్‌కు మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇప్పుడు అక్షరాల లెక్క. "కోడుమూరు" అని తీసుకోండి. దాని పొడవు మూడు రకాలుగా వస్తుంది:

- ఎస్‌టీఆర్‌లెన్ ఇచ్చేది 24. ఇది బైట్ల లెక్క. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు.
- ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్ ఇచ్చేది 8. హల్లు, గుణింతపు గుర్తు విడివిడిగా లెక్కపడతాయి.
- గ్రాఫీమ్_ఎస్‌టీఆర్‌లెన్ ఇచ్చేది 4. కో, డు, మూ, రు. మనం చదివే తీరు ఇదే. ఇది ఐఎన్‌టీఎల్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటుంది, అందుకే దాన్ని తెరవమన్నాను.

చిన్న తెరలో పేరు పట్టడం లేదని సబ్‌ఎస్‌టీఆర్‌తో 10 దగ్గర కోస్తే "కోడ" తర్వాత కొమ్ము గుర్తు మధ్యలో తెగి, ప్రశ్నార్థకం ఉన్న నల్ల డబ్బా వస్తుంది. ఎంబీ_సబ్‌ఎస్‌టీఆర్‌తో 3 దగ్గర కోస్తే డబ్బా రాదు గానీ కొమ్ము పోయి "కోడ" మిగులుతుంది. గ్రాఫీమ్_సబ్‌ఎస్‌టీఆర్‌తో 2 అంటేనే "కోడు" వస్తుంది. తెలుగు పేరును కోయాలన్నా, పొడవు చూడాలన్నా ఈ మూడోదే వాడండి.

జేసన్‌గా (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రూపం) పంపేటప్పుడు తెలుగు బదులు వెనక్కి వాలిన గీత, యూ, అంకెలు కనిపిస్తే కంగారు వద్దు. డేటా చెడలేదు. జేసన్_అన్‌ఎస్కేప్డ్_యూనికోడ్ అనే ఆప్షన్ ఇస్తే తెలుగే కనిపిస్తుంది. ఆ పేరు మొత్తం పెద్ద అక్షరాలు.

కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు డబ్బాలుగా వస్తే అది ఆ కిటికీ ఫాంట్ సమస్య కావచ్చు. బ్రౌజర్‌లో చూశాకే తప్పో కాదో తేల్చండి.

## 7. పద్దు పేజీ కట్టే వరుస

టేబుల్‌లో ఈ గడులు చాలు: తేదీ, రైతు పేరు, ఊరు, బస్తాలు, కిలోలు, క్వింటా ధర, మొత్తం పైసల్లో.

బస్తాలు, కిలోలు విడిగా ఎందుకంటే బస్తా తూకం ప్రతిసారీ ఒకటే ఉండదు. బస్తాను 50 కిలోలతో గుణించి లెక్కకట్టే ప్రోగ్రామును యార్డులో ఎవరూ ఒప్పుకోరు. కాటా మీద పడిన కిలోలే లెక్క.

డబ్బును దశాంశాల్లో దాచొద్దు. కంప్యూటర్‌లో ఫ్లోట్ లెక్కల్లో సున్నా పాయింట్ ఒకటికి సున్నా పాయింట్ రెండు కలిపితే సరిగ్గా సున్నా పాయింట్ మూడు రాదు. రోజంతా కూడితే పైసల తేడాలు తేలతాయి. ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. క్వింటా అంటే 100 కిలోలు, రూపాయి అంటే 100 పైసలు. కాబట్టి కిలోలను క్వింటా ధరతో గుణిస్తే వచ్చేది సరిగ్గా పైసలే. 1850 కిలోలు, క్వింటా 1240 రూపాయలు అనుకోండి. గుణిస్తే 22,94,000 పైసలు, అంటే 22,940 రూపాయలు. భాగాహారమే లేదు, దాచేది పూర్ణాంకం. చూపించేటప్పుడు మాత్రం వందతో భాగించండి.

చూపించడానికి నంబర్_ఫార్మాట్ వాడితే కామాలు మూడేసి అంకెలకు పడతాయి, లక్షల తీరులో పడవు. ఐఎన్‌టీఎల్‌లోని నంబర్‌ఫార్మాటర్‌కు టీఈ_ఐఎన్ అని ఇస్తే మన పద్ధతిలో వస్తుంది.

పేజీ నడిచే వరుస ఇలా ఉండాలి:

1. ఫైలు మొదట్లోనే, ఏ హెచ్‌టీఎంఎల్ రాకముందే, ఫారం పంపారా అని చూడటం.
2. పంపి ఉంటే విలువలు సరిచూడటం. కిలోలు, ధర పూర్ణాంకాలేనా? పేరు ఖాళీగా లేదు కదా?
3. పీడీవో (పీహెచ్‌పీ డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో, అంటే విలువలను విడిగా ఇచ్చి, టేబుల్‌లో వేయడం. విలువలను ఎస్క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించొద్దు. అలా అతికిస్తే ఎవరైనా ఫారం గడిలో ఎస్క్యూఎల్ ముక్క కొట్టి టేబుల్ చెడగొట్టగలరు.
4. హెడర్ ఫంక్షన్‌తో అదే పేజీకి తిరిగి పంపి, వెంటనే ఎగ్జిట్ రాయడం.
5. ఆ తర్వాతే పేజీ చూపించడం. రైతు పేరు, ఊరు తెరమీద పెట్టే ప్రతిచోటా, హెచ్‌టీఎంఎల్ గుర్తులను మామూలు అక్షరాలుగా చూపించే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ గుండా పంపడం.

నాలుగోది లేకపోతే ఏమవుతుందో ఒకసారి చేసి చూడండి. పద్దు వేసి ఎఫ్5 నొక్కి, బ్రౌజర్ అడిగినదానికి సరే అంటే అదే రైతు, అవే కిలోలు రెండోసారి పడతాయి. పద్దు పుస్తకంలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. ఇదే అడుగులో బామ్ ఉన్న ఫైలు అడ్డం పడేది కూడా.

## 8. విండోస్‌లో నడిచి లినక్స్‌లో ఆగేవి

ఈ భాగం కోసమే ఇదంతా రాశాను. కింద ఉన్న ఏ తప్పుకూ విండోస్‌లో ఎర్రర్ రాకపోవచ్చు.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం. ఫైలు పేరు హెడర్.పీహెచ్‌పీలో మొదటి హెచ్ పెద్దది, మీరు ఇన్‌క్లూడ్‌లో రాసింది చిన్నది అనుకోండి. విండోస్ పట్టించుకోదు. లినక్స్‌కు అవి రెండు వేరే ఫైళ్లు. బొమ్మల పేర్లకూ, సీఎస్ఎస్ ఫైళ్లకూ ఇదే వర్తిస్తుంది. మైఎస్క్యూఎల్ టేబుల్ పేర్లు కూడా విండోస్‌లో మామూలుగా చిన్న అక్షరాలుగా మారి దాచబడతాయి, లినక్స్‌లో రాసినట్టే ఉంటాయి. అన్నీ చిన్న అక్షరాలే అని మొదటి రోజే నియమం పెట్టుకుంటే గొడవే లేదు.

దారిలో గీత. వెనక్కి వాలిన గీతతో దారి రాయకండి. ముందుకు వాలిన గీతను విండోస్‌లో కూడా పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. పైగా డబుల్ కోట్స్‌లో వెనక్కి వాలిన గీత పక్కన ఎన్ వస్తే అది కొత్త లైన్, టి వస్తే ట్యాబ్. టెంప్ అనే ఫోల్డర్ దారి అలాగే విరిగిపోతుంది.

సీ డ్రైవ్ పేరు. కోడ్‌లో ఎక్కడా సీ: అని ఉండకూడదు, అది పీహెచ్‌పీ.ఐఎన్ఐలో మాత్రమే. ఫైలు ఎక్కడుందో చెప్పడానికి డిఐఆర్ అనే స్థిరాంకం వాడండి, పెద్ద అక్షరాల్లో, ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లతో. డేటాబేస్ దారి ఆ స్థిరాంకం, తర్వాత /../డేటా/పద్దు.డీబీ అయితే ఏ మిషన్‌లోనైనా దొరుకుతుంది.

రాసే అనుమతి. విండోస్‌లో మీ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఇష్టమొచ్చినట్టు రాయగలదు. లినక్స్‌లో వెబ్ సర్వర్ వేరే యూజర్‌గా నడుస్తుంది. ఎస్క్యూలైట్ ఫైలుకు అనుమతి ఇస్తే చాలదు, డేటా ఫోల్డర్‌కూ ఇవ్వాలి, ఎందుకంటే రాసేటప్పుడు పక్కనే తాత్కాలిక జర్నల్ ఫైలు పుడుతుంది. ల్యాబ్‌వాళ్లను అడిగేటప్పుడు "ఫోల్డర్‌కు కూడా" అని చెప్పండి.

ఎక్స్‌టెన్షన్లు. మీ దగ్గర ఐఎన్‌టీఎల్ ఉంది, అక్కడ ఉండకపోవచ్చు. పీహెచ్‌పీ -ఎం జాబితా రెండుచోట్లా తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఇవి ముందే పట్టుకోవడానికి విండోస్‌లోనే ఒక దారి ఉంది. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌తో ఉబుంటు అనే లినక్స్ వేసుకుని, ప్రాజెక్టును లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడ నడపండి. సీ డ్రైవ్ నుంచే నేరుగా నడిపితే అక్షరాల తేడా బయటపడదు, కాపీ చేయడం తప్పనిసరి. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇది బరువవుతుంది. అలాంటివాళ్లు ల్యాబ్ సర్వర్‌లో రివ్యూకు వారం ముందే ఒకసారి పెట్టి చూడటం మేలు.

## 9. ఎక్సాంప్ వాడాల్సి వస్తే

ఎక్సాంప్ అంటే అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్క్యూఎల్ కలిపి ఒకేసారి వేసే ప్యాకేజీ. ప్రాజెక్టు గైడ్ అదే అడిగితే వాడండి, తప్పేం లేదు. సీ:\ఎక్సాంప్‌లోనే వేయండి, ప్రాజెక్టును హెచ్‌టీడాక్స్‌లో పెట్టండి. ఐఎన్ఐ మార్చిన ప్రతిసారీ అపాచీని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

అపాచీ పచ్చరంగులోకి రాకపోతే 80 పోర్టును ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉండొచ్చు. నెట్‌స్టాట్ -ఏఎన్‌ఓ కొట్టి, :80 పక్కన చివర్లో ఉన్న నంబరును టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో పీఐడీతో పోల్చండి. మైఎస్క్యూఎల్ రాకపోతే 3306 దగ్గర ఇలాగే వెతకండి. మునుపు విడిగా వేసిన మైఎస్క్యూఎల్ సర్వీసే అక్కడ కూర్చుని ఉండొచ్చు.

అందులో రూట్‌కు పాస్‌వర్డ్ ఉండదు. మీ ల్యాప్‌టాప్ దాటి ఎవరికీ దాన్ని తెరవొద్దు.

## 10. డెమోకు ఫోన్‌లో చూపించడం

ల్యాప్‌టాప్, ఫోన్ ఒకే వైఫైలోనో, ఫోన్ హాట్‌స్పాట్‌లోనో ఉండాలి. సర్వర్‌ను 127.0.0.1 బదులు 0.0.0.0:8000 అని మొదలుపెట్టండి. ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే అనుమతించండి. ఐపీకాన్ఫిగ్ కొట్టి ఐపీవీ4 అడ్రసు చూసి, ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రసు, :8000 కొట్టండి.

రాకపోతే వైఫై "పబ్లిక్"గా పెట్టి ఉందేమో చూడండి. కొన్ని కాలేజీ వైఫైలు ఒక పరికరాన్ని ఇంకోదానితో మాట్లాడనివ్వవు, అప్పుడు హాట్‌స్పాట్ ఒక్కటే దారి. డెమో అవగానే సర్వర్ ఆపేయండి.

## 11. కనిపించే లక్షణం, చేయాల్సిన పని

- పీహెచ్‌పీ అనే కమాండ్ తెలియదంటోంది: పాత్ తప్పు, లేదా టెర్మినల్ పాతది. మూసి తెరవండి.
- కోడ్ అంతా పేజీలో కనిపిస్తోంది: డబుల్ క్లిక్ చేసి తెరిచారు, లేదా పొట్టి గుర్తు రాశారు.
- "కుడ్ నాట్ ఫైండ్ డ్రైవర్": పీడీవో డ్రైవర్ తెరవలేదు. పీహెచ్‌పీ -ఎం చూడండి.
- "కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్" పక్కన ఎంబీ లేదా గ్రాఫీమ్: ఎంబీస్ట్రింగ్, ఐఎన్‌టీఎల్ తెరవలేదు.
- తెల్ల పేజీ: ఎర్రర్లు దాచి ఉన్నాయి. సర్వర్ ఎర్రర్ లాగ్ చూడండి. సొంత మిషన్‌లో డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆన్ చేయండి.
- పెద్ద ఫోటో అప్‌లోడ్ అవడం లేదు: అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ మామూలుగా 2 ఎంబీ, పోస్ట్_మ్యాక్స్_సైజ్ 8 ఎంబీ. రెండూ పెంచాలి, రెండోది మొదటిదానికన్నా ఎక్కువ ఉండాలి.
- మెయిల్ వెళ్లడం లేదు: విండోస్‌లో మెయిల్ ఫంక్షన్ వెనక పంపేవాడు లేడు. ఎస్ఎంటీపీ ద్వారా పంపే లైబ్రరీ కంపోజర్‌తో వేసుకోండి.
- సింటాక్స్ తప్పు అంటోంది, ఎక్కడో తెలియడం లేదు: పీహెచ్‌పీ -ఎల్, పక్కన ఫైలు పేరు. చెప్పిన లైన్‌తోపాటు దాని పై లైన్ కూడా చూడండి. సెమీకోలన్ తరచు అక్కడే తప్పిపోయి ఉంటుంది.

## 12. అప్పగించే ముందు చెక్‌లిస్ట్

- అన్ని ఫైళ్లు, ఫోల్డర్లు, టేబుళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయా?
- ప్రాజెక్టు మొత్తంలో సీ: అని వెతికితే ఏమీ దొరకకూడదు.
- అన్ని పీహెచ్‌పీ ఫైళ్లు బామ్ లేని యూటీఎఫ్-8లో ఉన్నాయా?
- టైమ్‌జోన్ ఐఎన్ఐలోనే కాక, కోడ్ మొదట్లో డేట్_డిఫాల్ట్_టైమ్‌జోన్_సెట్‌తో కూడా ఇచ్చారా? సర్వర్ ఐఎన్ఐ మీ చేతిలో ఉండదు.
- "ఎమ్మిగనూరు", "పత్తికొండ" లాంటి ఒత్తులున్న ఊర్ల పేర్లతో పద్దు వేసి, తిరిగి చదివి చూశారా?
- ఒక పద్దు వేసి ఎఫ్5 నొక్కితే రెండోది పడకుండా ఉందా?
- పీహెచ్‌పీఇన్ఫో పెట్టిన పరీక్ష ఫైలు తీసేశారా? మీ సర్వర్ వివరాలన్నీ అది బయటపెడుతుంది.
- డేటా ఫోల్డర్ పబ్లిక్ బయటే ఉందా, దానికి రాసే అనుమతి అడిగారా?
- వాడిన పీహెచ్‌పీ వెర్షన్, కావాల్సిన ఎక్స్‌టెన్షన్లు, మొదలుపెట్టే కమాండ్ ఒక చిన్న రీడ్‌మీ ఫైల్లో రాశారా? మీరు పక్కన లేనప్పుడు ల్యాబ్‌లో దాన్ని నడిపేవాళ్లకు ఆ మూడు లైన్లే ఆధారం.